కాలేయ క్యాన్సర్: చికిత్స తరువాత రక్తపరీక్ష చెప్పే సంగతులు



బట్లహళ్ళి నుంచి చింతామణి మీదుగా బెంగళూరు వెళ్ళి, కాలేయ క్యాన్సర్‌కు చికిత్స చేయించుకుని ఒక పెద్దాయన ఇల్లు చేరాడనుకోండి. ఆ ఇంట్లో అందరి మనసులోనూ ఒకటే ప్రశ్న. "ఇంకెన్నాళ్ళు?" అని. పైకి మాత్రం ఎవరూ అడగరు. రక్తపరీక్షలు దీనికి ఎంతవరకు జవాబు చెప్పగలవో ఈ రోజు తెలుసుకుందాం.

కాలేయాన్నే మనం కార్జం అంటాం. తల్లి కడుపులో ఉన్న బిడ్డ కాలేయంలో ఆల్ఫా ఫీటో ప్రోటీన్ అనే మాంసకృత్తు తయారవుతుంది. పుట్టాక అది తగ్గిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిలో సాధారణంగా మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు మించదు. క్యాన్సర్ గడ్డ పుడితే అది మళ్ళీ పెరగవచ్చు. ఈ సంగతిని సోవియట్ శాస్త్రజ్ఞుడు అబెలెవ్ 1963లో ఎలుకలలోనూ, తతారినోవ్ 1964లో మనుషులలోనూ గుర్తించారు.

చికిత్సకు ముందు ఈ అంకె 400 దాటితే జబ్బు ఉధృతంగా ఉండే అవకాశం ఎక్కువ. గడ్డను పూర్తిగా తీసివేస్తే కొన్ని వారాలలో దిగివస్తుంది. దిగినది మళ్ళీ ఎక్కుతూ పోతే అది హెచ్చరిక. అయితే పదిమందిలో ముగ్గురు నలుగురికి క్యాన్సర్ ఉన్నా ఈ అంకె పెరగదు. కనుక అంకె బాగుందని స్కానింగు మానరాదు.

చేనులో కలుపు తీస్తే సరిపోదు, నేలలో సారం మిగలాలి కదా! అలాగే గడ్డ పోయినా, మిగిలిన కాలేయానికి సత్తువ ఉండాలి. దాన్ని చెప్పేవి అల్బుమిన్, బిలిరుబిన్. మొదటిది తగ్గితే కాళ్ళకు నీరు దిగవచ్చు. రెండవది పెరిగితే కామెర్లు, కన్నడంలో కామాలె. ఈ రెండింటితోనే కాలేయం స్థితిని మూడు తరగతులుగా లెక్కకట్టే పద్ధతిని ఫిలిప్ జాన్సన్ బృందం 2015లో ప్రకటించింది. మొదటి తరగతివారు మిగతావారికంటే ఎక్కువకాలం జీవించినట్లు ఆ లెక్కల్లో తేలింది.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ లెక్కలు ఎంతోమందిని చూసి కట్టినవి. మీ ఇంటి మనిషికి ఇన్ని రోజులని గడువు పెట్టవు. ఒక్క కాగితం చూసి కుంగిపోవద్దు, పొంగిపోవద్దు. పాత రిపోర్టులన్నీ తేదీల వరుసలో దాచి, వీలైతే ఒకే ప్రయోగశాలలో పరీక్ష చేయించి, డాక్టరుగారికి చూపండి. మధ్యలో పసరు మందులు వాడవద్దు, సారాయి ముట్టవద్దు.

ఇక ఇంట్లో మిగిలినవారి సంగతి. ఈ జబ్బుకు పెద్ద కారణాలలో హెపటైటిస్ బి వైరస్ ఒకటి. రోగికి ఆ వైరస్ ఉంటే ఇంటిల్లిపాదీ పరీక్ష చేయించుకోవాలి. దీనికి టీకా ఉంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో మన దేశంలోనే దాన్ని తయారుచేసి, చౌకగా అందించింది. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటలలోపు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు.

అలాగే తడిసి బూజుపట్టిన చెనిక్కాయలలో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. వేయించినా అది పూర్తిగా పోదు. వైరస్ ఉన్నవారికి మరీ ప్రమాదం. కాయలను బాగా ఎండబెట్టండి. బూజు గింజలను ఏరి పారవేయండి.

చికిత్స అయినవారికి ధైర్యం చెప్పండి. రమ్మన్న తేదీకి తప్పక తీసుకువెళ్ళండి. సెలవు.