డీజిల్ బండి టర్బోకు ఇంట్లో చేసే కంట్రోలర్

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి ఇక్కడ చాలా విన్నాం. నేను లారీ గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు నవ్వారు. కాని గ్రాట్యుటీ సొమ్ము పెట్టి పిల్లలకు లారీ కొనిచ్చినవారు మనలో ఉన్నారు. ఆ పిల్లలు ఫోనులో వీడియోలు చూసి, నాలుగు ఇత్తడి ముక్కలతో ఇంజను బలం పెంచుతామంటున్నారు. అందులో నిజమెంతో చూద్దాం.

బయటికి వృథాగా పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివరనున్న చక్రం గాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. అదే టర్బో. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. ఆ తోపుడు బలమే బూస్టు. అది హద్దు మీరకుండా వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు ఉంటుంది. టర్బో నుంచి సన్నని రబ్బరు గొట్టం ఒక డబ్బాకు వెళుతుంది. ఒత్తిడి పెరగగానే డబ్బాలోని పొర కడ్డీని తోసి తలుపు తెరుస్తుంది. కొంత పొగ చక్రాన్ని తాకకుండా పక్కదారిన పోతుంది.

ఇంట్లో చేసే కంట్రోలర్ ఆ రబ్బరు గొట్టం మధ్యలో కూర్చుంటుంది. ఇత్తడి గొట్టంలో ఒక ఉక్కు బాల్, వెనుక స్ప్రింగు, దాన్ని బిగించే మర. ఒత్తిడి స్ప్రింగును గెలిచేదాకా బాల్ దారి మూస్తుంది. డబ్బాకు కబురు ఆలస్యంగా అందుతుంది, ఈలోగా బూస్టు పెరుగుతుంది. మన భాషలో పై ఆఫీసుకు తక్కువ లెక్క పంపడమన్నమాట! డబ్బా వైపున సూదిమొనంత బెజ్జం ఉండాలి. లేకపోతే చిక్కిన గాలి బయటపడక తలుపు తెరిచే ఉండిపోతుంది.

ఈ సరదా అమెరికాలో ఎక్కువ. 1994 నుంచి 1998 వరకు వచ్చిన డాడ్జ్ రామ్ పికప్పుల్లో 5.9 లీటర్ల కమిన్స్ ఇంజనుకు మెకానికల్ పంపు ఉండేది. అడ్డుచెప్పే కంప్యూటరు లేదు కనుక ఇంటి పనితనం సాగింది.

అయితే డీజిల్ ఇంజనుకు గాలి ఒక్కటే బలమివ్వదు. బలం డీజిల్‌లో ఉంది. గాలి పెంచితే నల్లపొగ, ఎగ్జాస్ట్ వేడి కొంత తగ్గుతాయి, అంతే. కనుక కుర్రవాడు అక్కడ ఆగడు, పంపు స్క్రూ కూడా తిప్పుతాడు. ఖర్చు అక్కడ మొదలవుతుంది. హెడ్ గ్యాస్కెట్ పోవచ్చు. నిమిషానికి లక్ష చుట్లు తిరిగే టర్బో ఇరుసు విరగవచ్చు. అందుకే తెలిసినవారు ముందుగా రెండు మీటర్లు పెడతారు, ఒకటి బూస్టుకు, ఒకటి ఎగ్జాస్ట్ వేడికి. ఆ వేడి 700 డిగ్రీల సెల్సియస్ పైన నిలవనివ్వరు. మర కొద్దికొద్దిగా తిప్పి, లోడుతో ఎత్తు ఎక్కించి చూస్తారు. మీటర్లు లేకుండా మర తిప్పేవాడి చేతికి నేనైతే బండి తాళం ఇవ్వను.

ఆ రబ్బరు గొట్టం పగిలినా, ఊడినా డబ్బాకు అసలు కబురే అందదు, బూస్టుకు హద్దుండదు. కంట్రోలర్ ఉన్నా లేకపోయినా దాన్ని నెలకోసారి చేత్తో తడిమి చూడమనండి.

ఇక మన దేశం సంగతి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో కంప్యూటరు బూస్టును కనిపెట్టి ఉంటుంది. లెక్క తేడా వస్తే దీపం వెలిగించి బలం తగ్గిస్తుంది. ఆర్.సి. ఫైళ్ళతోనే సర్వీసు గడిపినవాణ్ణి కనుక చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి మార్పులకు హద్దులు పెట్టింది. 2019 సవరణతో వచ్చిన 182-ఎ ప్రకారం, అనుమతిలేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఆ యజమాని పేరు చాలా ఇళ్ళలో మనదే! ప్రమాదం జరిగితే బీమావారికీ ఒక సాకు దొరుకుతుంది.

బండి బలం తగ్గిందని అబ్బాయి అంటే ముందు ఎయిర్ ఫిల్టరు, తరువాత ఇంటర్‌కూలర్ గొట్టాల క్లిప్పులు చూడమనండి. క్లిప్పు వదులైతే ఒత్తిన గాలి బయటికే పోతుంది, నల్లపొగ వస్తుంది. దానికి ఒక స్క్రూడ్రైవరు చాలు.

ప్రశ్నలుంటే టీ తరువాత చెబుతాను.