జీవకణములో చిరునామా



మన పిల్లలు విజ్ఞానశాస్త్ర పాఠములో లైసోజోములను ‘స్వయం విచ్ఛిత్తి సంచులు’ అని చదువుచున్నారు. బెల్జియం శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డూవ్ 1955లో వీనిని లోకమునకు తెలిపి, 1974లో మరి ఇరువురితో నోబెల్ బహుమతి పంచుకొనెను. ఈ సంచులలో 50కి పైగా జీర్ణకారక ఎంజైము లున్నవి. కణములో పాతబడిన భాగములను అవి విడగొట్టి, మరల పనికివచ్చునట్లు చేయును.

అయితే ఈ ఎంజైములు పుట్టునది వేరొకచోట. అంతర్జీవ ద్రవ్యజాలముపై తయారై, గాల్జీ సంక్లిష్టమునకు చేరును. కణము వెలుపలికి పోవలసిన ప్రోటీనులును ఆ దారినే వచ్చును. ఏది ఎచ్చటికి పోవలెనో ఎట్లు తెలియును?

కృష్ణగిరిలో వేసిన జాబు హోసూరు చేరుటకు దానిపై 635109 అని వ్రాయుదుము. గాల్జీలోను అట్టి ఏర్పాటే కలదు. లైసోజోమునకు పోవలసిన ఎంజైమును అంటియున్న మాన్నోజ్ అను చక్కెరకు ఫాస్ఫేటు ముద్ర పడును. ఆ ముద్రను గుర్తించు గ్రాహకము ఎంజైమును పట్టి, చిన్న తిత్తిలో కొనిపోవును. దారిలో ఆమ్లత్వము హెచ్చగనే దానిని విడిచి, తాను గాల్జీకి మరలివచ్చును.

ఆ ముద్ర వేయు ఎంజైమే పుట్టుకతో లోపించినచో? జీర్ణకారకములు తయారగును గాని, కణము వెలుపలికి పోయి రక్తములో కలియును. సంచులలో చెత్త పేరుకొనును. దీనిని ఐ-సెల్ వ్యాధి యందురు. బిడ్డ ఎదుగుదల, ఎముకలు, గుండె దెబ్బతినును; పెక్కుమంది 10 ఏండ్లు నిండకయే మరణింతురు. దీనిని కుదుర్చు మందు నేటికిని లేదు.

తల్లిదండ్రులతో ఈ మాట చెప్పుటకు కారణము కలదు. ఈ లోపము గల జన్యువు తల్లినుండియు తండ్రినుండియు వచ్చిననే బిడ్డకు వ్యాధి కలుగును. వారిరువురును ఆరోగ్యవంతులే, అయినను ప్రతి కాన్పులోను 4లో 1 వంతు అపాయము. దగ్గర బంధువులకు ఒకే పూర్వీకునినుండి ఒకే లోపము సంక్రమించుట సులభము. మేనరికములు, మేనమామ మేనకోడండ్ర పెండ్లిండ్లు మన ప్రాంతమున వాడుకలో నున్నవే. అట్టి దంపతుల బిడ్డలలో పెక్కుమంది ఆరోగ్యముగనే యుందురు. కాని అపాయము హెచ్చును. కావున సంబంధము కుదుర్చుకొనుటకు ముందే ఆలోచింపుడు.

ఇట్టి బిడ్డ పుట్టినయింట శాపమనియు, తల్లి దోషమనియు అనుట అన్యాయము. మరుకాన్పునకు ముందు ఆ దంపతులు జన్యువైద్యుని చూడవలెను. మనకు చేరువలోనే, బెంగుళూరులో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్ అను సంస్థ కలదు.

పిల్లలు ఈ పాఠము చదువునపుడు ప్రక్కన కూర్చుండి వినుడు. అది పరీక్షకు మాత్రమే కాదు, ఇంటికిని పనికివచ్చును.