టర్బోకు ఉండే అలుగు: కోతమిషను ఇంజనులో యాక్చువేటరు మార్చే పద్ధతి



ఇవాళ గోదావరి, కృష్ణా డెల్టాలలో గానీ, నిజామాబాదు, కరీంనగరు ప్రాంతాలలో గానీ వరిచేను పండిందంటే అందరి చూపూ కోతమిషను మీదనే. చేను పండి ఒరిగి ఉంటుంది. తుపాను వస్తోందని కబురు వినబడుతుంది. సరిగ్గా అప్పుడే మిషను సగం చేలో నిలబడి, నల్లటి పొగ కక్కుతూ ముందుకు కదలనంటుంది. మిషను యజమానికి బాడుగ పోతుంది, రైతుకు పంటే పోతుంది. ఇటువంటి సమయంలో మెకానిక్కు వచ్చి “టర్బో పోయింది, మొత్తం మార్చాలి” అంటే వేలకు వేలు ఖర్చు. నిజానికి చాలా సార్లు టర్బో బాగానే ఉంటుంది. దాని పక్కనుండే చిన్న డబ్బా, లేదా దానికి గాలి తెచ్చే రబ్బరు గొట్టం చెడిపోయి ఉంటుంది. ఆ డబ్బా పేరే వేస్ట్‌గేట్ యాక్చువేటరు. దానిని పరీక్షించడం, మార్చడం ఎట్లాగో ఈ వేళ తెలుసుకొందాం.

ముందు టర్బో సంగతి చూద్దాం. ఒక లీటరు డీజిలు సరిగా కాలాలంటే సుమారు 10 వేల లీటర్ల గాలి కావాలి. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలితో పెద్ద పనులు సాగవు. అందుచేత పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి పొగతోనే ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రంతో గాలిని ఒత్తి ఇంజనులోకి పంపే ఏర్పాటు చేశారు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లో ఈ పద్ధతికి పేటెంటు కోరాడు. ఈనాటి ఇంజన్లలో ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు తిరగడం మామూలే.

అంత వేగాన్ని అదుపులో పెట్టేది ఒకటి ఉండాలి గదా! చెరువు నిండితే అదనపు నీరు పోవడానికి అలుగు కడతాం. రాయలసీమలో దానినే మరవ అంటారు. టర్బోకు కూడా అట్లాంటి అలుగు ఉంది. గాలి ఒత్తిడి హద్దు దాటగానే ఒక చిన్న తలుపు తెరుచుకొని, కొంత పొగను చక్రం మీదికి పోనీయకుండా పక్కదారిన పంపుతుంది. ఆ తలుపును తెరిచేది మన డబ్బా. దాని లోపల ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు ఉంటాయి. స్ప్రింగు తలుపును మూసి పట్టుకొని ఉంటుంది. టర్బో నుంచి సన్నని గొట్టం ద్వారా వచ్చే గాలి ఆ పొరను నెట్టినప్పుడు, పొరకు తగిలించిన కడ్డీ ముందుకు జరిగి తలుపు లివరును తిప్పుతుంది.

ఇది రెండు విధాలుగా చెడుతుంది. స్ప్రింగు విరిగినా, కడ్డీ పొడుగైనా తలుపు ఎప్పుడూ కొంత తెరుచుకొనే ఉంటుంది. అప్పుడు గాలి చాలదు, లాగుడు తగ్గుతుంది, నల్లపొగ వస్తుంది. ఇది వెంటనే తెలిసిపోతుంది. రెండవది మోసకారి జబ్బు. రబ్బరు పొర చిరిగినా, గొట్టం పగిలినా తలుపు తెరుచుకోదు. మొదట్లో ఇంజను మునుపటికంటె హుషారుగా లాగినట్టుంటుంది. యజమాని సంతోషిస్తాడు. లోపల మాత్రం సిలిండర్లలో ఒత్తిడి, టర్బో వేగం మితిమీరుతూ ఉంటాయి. ఒకనాడు హెడ్ గాస్కెట్టో, టర్బోయో పోతుంది. కంప్యూటరు ఉన్న కొత్త ఇంజన్లయితే ఎర్రదీపం వెలిగించి, తామే బలం తగ్గించుకొంటాయి.

లాగుడు తగ్గిందని డబ్బా మీద పడకండి. మొదట గాలి ఫిల్టరు చూడండి. కోతల్లో దుమ్ము, నూగు పట్టి ఒక్క రోజులోనే మూసుకుపోవచ్చు. తరువాత డీజిలు ఫిల్టరు, టర్బో నుంచి ఇంజనుకు పోయే లావు గొట్టాల క్లాంపులు, గాలిని చల్లబరిచే జాలీ చూడండి. ఇవన్నీ బాగుంటేనే డబ్బా దగ్గరకు రండి.

పని మొదలుపెట్టే ముందు మిషనును చదునైన చోట నిలిపి, కోత బల్ల కిందికి దించి, తాళంచెవి తీసి జేబులో పెట్టుకోవాలి. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పాలి. ఇంజను బాగా చల్లారేదాకా ఆగాలి. టర్బో పొగవైపు భాగం పని మీద వందల డిగ్రీల వేడి ఎక్కుతుంది, తాకితే చర్మం ఊడుతుంది. దాని చుట్టూ పేరుకున్న ఎండుగడ్డి, నూగు తుడిచివేయండి. మిషన్లు చేలో అంటుకోవడానికి ఆ చెత్త ఒక కారణం.

ఇక పరీక్ష. గొట్టాన్ని చేత్తో వంచి పగుళ్లు ఉన్నాయేమో చూడండి. తరువాత గొట్టం తీసి, మీటరు ఉన్న చేతి పంపుతో డబ్బాలోకి మెల్లగా గాలి ఎక్కించండి. పుస్తకంలో చెప్పిన ఒత్తిడి దగ్గర కడ్డీ కదలడం మొదలుపెట్టాలి. పంపు ఆపి ఒక నిమిషం చూస్తే ముల్లు దిగరాదు. దిగిందంటే పొర చిరిగిందన్నమాట. టైర్ల కొట్టులోని గాలి గొట్టం నేరుగా పెట్టవద్దు. డబ్బాకు కావలసిన ఒత్తిడి చాలా ఇంజన్లలో దాదాపు ట్రాక్టరు టైర్లలో నింపే పాటిదే. కంప్రెసరు గాలి అంతకు ఎన్నో రెట్లు, మంచి పొర కూడా ఒక్క దెబ్బకు చిరుగుతుంది.

డబ్బా చెడినట్లు రుజువైతే విప్పండి. ముందుగా సెల్‌ఫోనుతో ఒక ఫోటో తీసి, కడ్డీ మీద లాక్‌నట్టు బయట ఎన్ని మరలు కనబడుతున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. తుప్పు పట్టిన నట్ల మీద తుప్పు వదిలించే నూనె వేసి కొంతసేపు నాననివ్వండి. లివరు కొసనున్న క్లిప్పు తీసి కడ్డీని వేరుచేయండి. అప్పుడు లివరును చేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూడండి. పట్టేసినట్టుంటే తప్పు డబ్బాది కాదు, తలుపుది. మసి పట్టి ఇరుక్కున్న తలుపుకు కొత్త డబ్బా పెట్టినా ప్రయోజనం లేదు. లివరు సాఫీగా తిరిగితే బ్రాకెట్టు నట్లు విప్పి పాత డబ్బా తీయండి.

కొత్తది కొనేటప్పుడు టర్బో రేకు మీది నంబరు చెప్పి అదే రకం తెచ్చుకోవాలి. చూడడానికి ఒక్కలాగే ఉన్నా లోపలి స్ప్రింగు బలం వేరుగా ఉంటుంది. కొన్ని టర్బోలకు డబ్బా విడిగా అమ్మరు. మరికొన్నింటికి కరెంటుతో నడిచే యాక్చువేటర్లు ఉంటాయి, వాటికి కంప్యూటరుతో సరిచూడాలి. అటువంటివి కంపెనీ వర్కుషాపులోనే చేయించండి.

కొత్త డబ్బాను బ్రాకెట్టుకు బిగించి, పుస్తకంలో చెప్పిన ఒత్తిడి చేతి పంపుతో పెట్టండి. తలుపు మూసి ఉండేట్లు లివరును పట్టుకొని, కడ్డీ చివరి కన్ను లివరు మేకులోకి బలవంతం లేకుండా జారేవరకు మరను సర్దండి. పాత మరల లెక్క దగ్గరి గుర్తు మాత్రమే. అసలు తీర్పు చెప్పేది మీటరు. లాక్‌నట్టు బిగించేటప్పుడు కడ్డీని మరో స్పానరుతో కదలకుండా పట్టుకోండి. కడ్డీ మెలి తిరిగితే లోపలి పొర తెగుతుంది. కొత్త క్లిప్పు, కొత్త గొట్టం వేసి, మరొకసారి గాలి ఎక్కించి కడ్డీ ఎక్కడ కదులుతుందో చూసుకోండి. ఆ పైన బ్యాటరీ తీగ బిగించి, ఇంజను స్టార్టు చేసి కొన్ని నిమిషాలు నిదానంగా నడిపి, గాలి లీకు లేదని తేలాకే చేలోకి దించండి.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. “కడ్డీ రెండు మరలు బిగిస్తే లాగుడు పెరుగుతుంది” అని చెప్పేవారు ఉంటారు. వారు చెప్పేది అబద్ధం కాదు, పెరుగుతుంది. అలుగు మీద ఇసుక బస్తాలు వేస్తే చెరువులో నీరు కూడా అడుగు పెరుగుతుంది. ఆయకట్టు చివరి రైతుకు కూడా నీరు అందుతుంది. కాని పెద్దవాన పడిన రాత్రి గండి పడేది కట్టకే. అలుగు ఎత్తు నిర్ణయించినవాడు కట్ట బలం కొలిచి నిర్ణయించాడు. కడ్డీ పొడవూ అంతే. ఒక సీజనులో నాలుగు ఎకరాలు ఎక్కువ కోసి, మరుసటి సీజనులో ఇంజను పని చేయించుకోవడం లాభసాటి బేరం కాదు.

వ్యవసాయ విస్తరణాధికారులకు, గ్రామ వ్యవసాయ సహాయకులకు ఒక మనవి. మీ పరిధిలోని యంత్రాల అద్దె కేంద్రాలలో మీటరుతో కూడిన చేతి పంపు ఒకటి ఉండేట్లు చూడండి. దాని ఖరీదు ఒక్క టర్బో ఖరీదులో చిన్న భాగం. కోతలకు నెల ముందే డ్రైవర్లను పిలిచి, ఈ పరీక్షను వారి చేతనే చేయించండి. కష్టమైన పని ముగిశాక ఇంజనును వెంటనే ఆపక మూడు నిమిషాలు నెమ్మదిగా నడవనివ్వాలనీ చెప్పండి. ఇంజను ఆగితే టర్బోకు నూనె ఆగుతుంది. వేడి ఇరుసులో నిలిచిన నూనె మాడి మసి అవుతుంది.

చెరువు అలుగును వానలకు ముందే చూసుకుంటాం. టర్బో అలుగునూ కోతలకు ముందే చూసుకోండి. సెలవు.