పికప్ బండి – నాలుగు చక్రముల పట్టు

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వరకు పోవు రహదారిపై ఏ సాయంకాలమైనను కొంతసేపు నిలిచి చూచినచో, మెట్రో రైలు స్తంభముల ప్రక్కగా మెల్లమెల్లగా కదలు వాహనములలో పికప్ బండ్లు అనేకము కనబడును. కూరగాయల గంపలతో సరూర్‌నగర్ రైతుబజారునకు వచ్చిపోవునవి కొన్ని. ఇనుప చువ్వలు, సిమెంటు బస్తాలు మోయునవి మరికొన్ని. ఇటీవలి కాలమున వేరొక జాతి బండి కూడ ఈ వరుసలో చేరినది. ఎత్తుగా, నాలుగు తలుపులతో, వెనుక సామానుల తొట్టితో నుండు ఈ బండి ఒంటిపై ‘ఫోర్ బై ఫోర్’ అను గుర్తు మెరయుచుండును.

శ్రోతలారా, ఆ గుర్తుకు అర్థమేమని అడిగినచో దాని యజమానులలో చాలమంది తడుముకొనక చెప్పుదురు. ఇంజను బలము నాలుగు చక్రములకును అందునని అర్థము. కాని ఆ బలమును ఎప్పుడైన వాడి చూచితిరా యని అడిగినచో, మా అనుభవములో నూటికి ఎక్కువమంది నవ్వి ఊరకుందురు. లక్షలు పోసి కొన్న సౌకర్యము ఇంటిలో అలంకారముగ నుండిపోవుటయే కాదు, అవసరము వచ్చిన దినమున అది చేతికందకపోవుట ఇందలి అసలు నష్టము.

ఈ బండ్లకును తెలుగునేలకును సంబంధము లేకపోలేదు. ఇసుజువారి కర్మాగారము 2016 ఏప్రిల్ నెలలో శ్రీసిటీలో ప్రారంభమైనది. అప్పుడది చిత్తూరు జిల్లా. 2022 నుండి తిరుపతి జిల్లా. డి-మ్యాక్స్ వి-క్రాస్ అను పికప్ అచ్చట రూపొందినదే. టొయోటావారి హైలక్స్ 2022లో మన దేశపు విపణికి వచ్చినది. మహీంద్రావారి బొలెరో క్యాంపర్‌లో కూడ ఈ రకము వచ్చినది. అయితే పికప్ అయినంతమాత్రమున నాలుగు చక్రములకు బలమున్నదని తలపరాదు. రైతుబజారు ముందు నిలుచు బండ్లలో పెక్కింటికి వెనుక చక్రములే తిరుగును. పైగా తొట్టి ఖాళీగా నున్నపుడు వెనుక బరువు లేక, ఆ చక్రములు తడినేలపై ఇట్టే జారును. అట్టి బండివారు రెండు మూడు ఇసుక బస్తాలను వెనుక ఇరుసుపైకి వచ్చునట్లు వేసి, కదలకుండ కట్టుకొన్నచో కొంత మేలు కలుగును.

ఎల్.బి.నగర్‌లో నివసించు మా మిత్రుడొకరికి సాగర్ రోడ్డున యాచారము దాటిన పిమ్మట చిన్న జామతోట ఉన్నది. శ్రావణమాసములో ఒక ఉదయము ఆయన బండి తోట వాకిటనే దిగబడెను. ఆయన వేగము పెంచినకొలది చక్రములు తమ గోతిని తామే త్రవ్వుకొనెను. తుదకు ట్రాక్టరు తోలుకొని వచ్చిన కుర్రవాడు లోపలికి తొంగిచూచి, “సారూ, గా గుండీ తిప్పి చూసిన్రా?” అని అడిగెను. కొన్న నాటినుండి ఆయన దానిని తాకలేదు. తాకిన ఏమి చెడునో యని సందేహము. అప్పటికప్పుడు తిప్పినను ఫలితము లేకపోయెను, ఏలనన బండి పొట్ట మట్టిపై ఆని చక్రములు తేలికపడినవి. ట్రాక్టరుతో లాగక తప్పినది కాదు. బురదలో దిగకముందు తిప్పవలసిన గుండీని దిగబడిన తరువాత తిప్పుట, వాన వెలిసిన పిమ్మట గొడుగు తెరచుట వంటిది.

ఆ గుండీ వెనుక నున్న యంత్రమును కొంచెము తెలిసికొన్నచో భయము సగము తీరును. కళ్ళములో పశువులను బంతి కట్టి త్రొక్కించుట మనవారెరిగినదే. నడుమనున్న గుంజకు దగ్గరి ఎద్దు చిన్న అడుగులు వేయును. చివరి ఎద్దు పరుగు వంటి నడక నడువవలెను. బండి మలుపు తిరుగునపుడు చక్రముల స్థితియు ఇంతే. వెలుపలి చక్రము ఎక్కువ దూరము తిరుగవలెను. ఇందుకు వీలు కల్పించు పళ్ళచక్రముల కూర్పునకే డిఫరెన్షియల్ అని పేరు. ఫ్రాన్సు దేశపు గడియారముల పనివాడు ఒనెసిఫోర్ పెక్యూర్ 1820ల దశకములో దీనిని రూపొందించెను. ఈ యంత్రము బహు ఉపకారి, కాని దీనికొక బలహీనత కలదు. ఒక చక్రము బురదలో పట్టు తప్పినచో, బలమంతయు ఆ సులువైన దారినే పోయి, గట్టినేలపై నున్న రెండవ చక్రము కదలక నిలుచును.

ఈ బలహీనతకు విరుగుడుగా రెండు సాధనములు వచ్చినవి. ట్రాక్షన్ కంట్రోల్ అనునది వృథాగా తిరుగు చక్రమును కనిపెట్టి, దానికి మాత్రము బ్రేకు వేసి, బలమును రెండవ చక్రమువైపు మరల్చును. డిఫరెన్షియల్ లాక్ అనునది రెండు చక్రములను ఒకే ఇరుసువలె బిగించివేయును. మొదటిది తనంతట తాను పనిచేయును. రెండవదానిని మనమే మీట నొక్కి బిగింపవలెను. బిగించినపుడు నిదానముగా, తిన్నగా పోవలెను. మలుపునకు ముందే విప్పవలెను; లేనిచో బండి మనము త్రిప్పిన వైపునకు తిరుగక ముందునకే త్రోసుకొనిపోవును.

ఇక గుండీ సంగతి. సాధారణముగా దానిపై మూడు గుర్తులుండును. 2 హెచ్ అనగా వెనుక చక్రములు మాత్రమే. 4 హెచ్ అనగా నాలుగును, మామూలు వేగముతో. 4 ఎల్ అనగా నాలుగును, మిక్కిలి నెమ్మదిగా, సుమారు రెండున్నర రెట్ల అధిక బలముతో. 2 హెచ్ నుండి 4 హెచ్‌కు నడచుచుండగనే మార్చుటకు పెక్కు బండ్లలో వీలున్నది. ఎంత వేగము లోపల అనునది బండితో ఇచ్చిన పుస్తకములో చూడవలెను. 4 ఎల్‌కు మార్చుటకు మాత్రము బండి నిలిపి, గేరు తటస్థముగా నుంచుట సాధారణ నియమము. మార్చిన వెంటనే దీపము వెలుగక మిణుకుమిణుకుమన్నచో కంగారు పడవలదు. పళ్ళు కలియలేదని అర్థము. బండిని రెండు గజములు మెల్లగా కదిపినచో కలియును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయక తప్పదు. వాన పడుచున్నది గదా యని దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో 4 హెచ్ తిప్పువారు కలరు. ఇట్టి బండ్లలో చాలవాటికి ముందు వెనుక ఇరుసుల నడుమ డిఫరెన్షియల్ ఉండదు. మట్టిపై చక్రము కొంచెము జారి ఆ వ్యత్యాసమును సర్దుకొనును. తారురోడ్డుపై అట్లు జారదు కనుక షాఫ్టులు మెలిపడి బిగిసికొనును. మలుపులో బండి ఎవరో పట్టి లాగినట్లు బరువెక్కుట దీనికి గుర్తు. నగరవీధిలో 2 హెచ్ చాలును. జారుడుకు మందు వేగము తగ్గించుటయే.

మరి అభ్యాసమెచ్చట? ఎల్.బి.నగర్ దాటి హయత్‌నగర్ వైపునను, తుర్కయంజాల్ వైపునను వెంచర్లుగా విభజించి విడిచిన మట్టినేలలు కలవు. యజమాని అనుమతి పొంది, ఒక మోస్తరు వాన కురిసిన మరునాడు, ఎవరైన తోడుగా మరియొక బండితో రాగా అచ్చటికి పోవుట ఉత్తమము. చెరువు శిఖము భూములకు పోరాదు. పైన ఎండినట్లు కనబడు ఆ నేల లోపల గంజివలె నుండును. మొదట 2 హెచ్‌లో ఒక చిన్న మిట్ట ఎక్కి చూడవలెను. చక్రము జారగనే ఆగి, వెనుకకు వచ్చి, అదే మిట్టను 4 హెచ్‌లో ఎక్కవలెను. ఆ తేడా ఒకసారి ఒంటికి తెలిసినచో ఏ పుస్తకమును అంత బాగుగ బోధింపలేదు. పిమ్మట 4 ఎల్‌లో మొదటి గేరు వేసి, క్లచ్ తాకక, బ్రేకుపై కాలుంచక, మిట్ట దిగి చూడవలెను. బండి వృద్ధుడు మెట్లు దిగినట్లు దిగును. మొదటిసారి బ్రేకుపైకి కాలు పోకుండ పట్టుకొనుటయే కష్టము.

నేలను బట్టి నడక మారవలెను. ఇబ్రహీంపట్నము ప్రాంతపు ఎర్ర చెలక నీటిని త్వరగా పీల్చి, లోపల గరుకు కలిగి, చక్రమునకు పట్టునిచ్చును. నల్లరేగడి అట్లుగాదు. అది చక్రపు గాళ్ళలో నిండి, టైరును నున్నని గుండుగా చేయును. రేగడిలో దిగినపుడు ఒకే తీరున, ఆగకుండ పోవలెను. ముందుకు సాగుట లేదని తోచినచో వెంటనే కాలు తీసి, వచ్చిన గాడిలోనే వెనుకకు రావలెను. లోతైన ఇసుకలో టైరుల గాలిని 20 పౌన్ల ప్రాంతమునకు తగ్గించుట వాడుక. కాని మరల గాలి నింపు పంపు వెంట లేనివారు ఆ పని చేయరాదు. మెత్తని టైర్లతో రహదారిపై వేగముగా పోవుట ప్రమాదకరము.

నీటి సంగతి వేరు. 2020 అక్టోబరు 13వ తేదీ వానను ఈ ప్రాంతమువారు మరచియుండరు. హయత్‌నగర్‌లో 30 సెంటీమీటర్లకు చేరువగా కురిసెను. సరూర్‌నగర్ చెరువు దిగువ కాలనీలు మునిగెను. వీధులలో కార్లు కొట్టుకొనిపోయెను. అట్టి రాత్రి ఎత్తైన బండి యున్నవానికి ఒక ధీమా కలుగును. ఈ ధీమా మాకు నచ్చదు. నాలుగు చక్రములకు బలమున్నను, ఆ చక్రములు నేలను ఆనియున్నపుడే అది పనికివచ్చును. హైలక్స్ 700 మిల్లీమీటర్ల నీటిలో పోగలదని తయారీదారులు చెప్పుచున్నారు. అది నిలిచిన నీటికి, నేల తెలిసిన చోటికి చెల్లును. పారు నీరు రెండడుగులున్నచో భారీ పికప్‌ను సైతము ప్రక్కకు త్రోయగలదు. అడుగుననున్న మూతలేని మ్యాన్‌హోలును ఏ గుండీయు చూపదు. నీటిలో ఇంజను ఆగినచో మరల తిప్పరాదు. లోనికి నీరు చేరియున్న యెడల ఇంజను ముక్కలగును. ఇంటివారిని దింపి, ఎత్తైన చోటికి నడచిపోవుటయే క్షేమము.

నెలకొకసారి మట్టిబాటపై కొన్ని కిలోమీటర్లు నాలుగు చక్రములతో నడుపుచుండినచో లోపలి నూనె అన్ని భాగములకు అందును, చేతికి అలవాటు తప్పదు. తిరిగి వచ్చిన తరువాత 2 హెచ్‌కు మార్చితిమా లేదా చూచుకొని, అడుగున పట్టిన బురదను కడిగింపవలెను. బండిని జీతపు డ్రైవరు నడుపుచున్నచో ఈ అభ్యాసమునకు అతనినే ముందు కూర్చుండబెట్టవలెను. బండితో వచ్చు పుస్తకము తరచుగా ఆంగ్లమున నుండును. అందలి గుండీల ప్రకరణమును తెలుగులో చెప్పి వినిపించుటకు ఒక ఆదివారము అరగంట చాలును.