తాళపుకప్ప, తాళపుచెవి, మనము

(ముఖేడ్ తెలుగువారి ఉగాది సభలో చేసిన ఉపన్యాసము)



మన మరాఠీ సోదరులు ఇంటింటా గుఢీ నిలిపే పాడ్వానాడే మనకు ఉగాది. ఒకే వీధిలో రెండు పేర్లతో ఒకే పండుగ చేసుకోవటం యీ ముఖేడ్‌లో మనకు అలవాటైన సంతోషం. పంచాంగ శ్రవణంలో యెవరి ఆదాయం యెంతో, వ్యయం యెంతో విన్నారు. ఆ ఆదాయం మనవారికి పంపేటప్పుడు దారిలో దొంగల పాలు కాకుండా పండితులు కనిపెట్టిన ఉపాయాలు కొన్ని వున్నాయి. వాటిని గురించి నాలుగు మాటలు మనవి చేయవలెనని నిలుచున్నాను. ఇది కంప్యూటరు చదివినవారి విషయమని పెద్దలు అనుకోవద్దు. సెల్‌ఫోను చేతిలో వున్న ప్రతివారికీ సంబంధించిన సంగతి.

నేడు ప్రవేశించిన పరాభవ నామ సంవత్సరం అరవై యేండ్లకొకసారి వస్తుంది. క్రిందటి పరాభవ 1966లో వచ్చింది. ఆనాడు పొట్ట చేతబట్టుకొని పరాయి ఊరికి వెళ్లినవాడు ఇంటికి డబ్బు పంపవలెనంటే మనియార్డరు ఫారం నింపేవాడు. ఊళ్లో పోస్టుమాను ముసలి తల్లి ముఖం గుర్తుపట్టి, వేలిముద్ర వేయించుకొని, సాక్షి యెదుట నోట్లు లెక్కపెట్టి యిచ్చేవాడు. తొందర పనికి తంతి వుండేది. కాని తంతి ఆఫీసులో ఆ మాటలు చదవని గుమాస్తా వుండడు గదా! అందుచేత వర్తకులు ధరవరలకు సంకేత పదాలు పెట్టుకొని, వాటితోనే తంతులు కొట్టేవారు. ఆ తంతి కూడ 2013 జులైలో మన దేశంలో మూతబడినది.

కొంచెం ఆలోచిస్తే, ఆ పాత పద్ధతిలో మూడు ప్రశ్నలకు జవాబు వున్నది. దారిలో యెవరూ చదవకుండా యెట్లా? అవతల వున్నది నిజంగా ఆ మనిషేనా? ఇవతల పంపుతున్నది నిజంగా నేనేనా? వర్తకుని సంకేత పదం మొదటిదానికి జవాబు. పోస్టుమాను కండ్లు రెండవదానికి జవాబు. కౌంటరు దగ్గర మనం స్వయంగా నిలబడటం మూడవదానికి జవాబు. ఈనాడు గుమాస్తా లేడు, పోస్టుమాను లేడు, కౌంటరు లేదు. కనుక ఆ మూడు ప్రశ్నలకూ కొత్త జవాబులు వెదకవలసి వచ్చినది.

మొదటి ప్రశ్న తీసుకుందాము. రహస్యలిపి ప్రాచీన విద్యే. కాని అందులో ఒక చిక్కు వున్నది. రాసేవాడికీ చదివేవాడికీ ఒకే తాళపుచెవి వుండవలెను. ఆ తాళపుచెవిని ముందుగా యెవరో మోసుకొని పోయి యివ్వవలెను. రాజులకు దూతలు వున్నారు, సైన్యాలకు సేనానులు వున్నారు. దెగ్లూరు రోడ్డున చిన్న దుకాణం పెట్టుకొన్నవాడికి యెవరున్నారు? మునుపెన్నడూ చూడని బ్యాంకు కంప్యూటరుతో అతడు రహస్యం యెట్లా పంచుకొంటాడు?

ఈ చిక్కును 1976లో అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి చెందిన విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ అనే యిద్దరు విప్పినారు. వారి ఆలోచనను మన ఇంటి వస్తువుతో చెబుతాను. తాళపుకప్పను నొక్కి వేయటానికి తాళపుచెవి అక్కరలేదు, తీయటానికి మాత్రమే కావలెను. బ్యాంకువారు తెరిచి వున్న తాళపుకప్పలను లోకమంతా పంచిపెట్టి, తాళపుచెవిని మాత్రం తమ దగ్గర దాచుకొన్నారనుకోండి. మీరు పెట్టెలో ఉత్తరం పెట్టి ఆ కప్ప నొక్కి పంపుతారు. దారిలో వందమంది ఆ పెట్టెను పట్టుకొని చూచినా తీయలేరు. వేసిన మీరు కూడ మళ్లీ తీయలేరు! ముందుగా కలుసుకోనక్కరలేకుండానే అపరిచితులు రహస్యం చెప్పుకొనే మార్గం యిది.

ఆ కప్పను దేనితో చేస్తారు? లెక్కలతో చేస్తారు. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో దాన్ని తయారుచేసినారు. 89ని 97తో గుణించమంటే మన పిల్లలు చటుక్కున 8633 అంటారు. 8633 ఏ రెండు సంఖ్యల లబ్ధమో చెప్పమంటే పలక అంతా నిండుతుంది. గుణించటం సులభం, విడదీయటం కష్టం. తాళం వేయటం, తీయటం అనే తేడా అక్కడే వున్నది. వాడుకలో వున్న ఆ జాతి తాళాలలో సంఖ్యకు 617 అంకెలు వుంటాయి. 2020లో 250 అంకెల సంఖ్య నొకదాన్ని విడదీయటానికే వేలకొలది యంత్రాలు కలిసి నెలల తరబడి పనిచేయవలసి వచ్చినది. విచిత్రమేమంటే బ్రిటిషు ప్రభుత్వ రహస్యశాఖలో జేమ్స్ ఎల్లిస్ 1970లోను, క్లిఫర్డ్ కాక్స్ 1973లోను యిదే దారిని కనిపెట్టినారు. కాని ఆ సంగతి 1997 దాకా లోకానికి తెలియనివ్వలేదు. దాచిన విద్య లోకానికి ఉపకరించలేదు. వెల్లడి చేసిన విద్య మన చేతి ఫోనులోకి వచ్చినది.

ఈ కప్పలు కూడ కాలానికి అతీతం కావు. క్వాంటమ్ కంప్యూటరు అనే కొత్తరకం యంత్రం పెద్దదిగా తయారైతే ఆ సంఖ్యలను విడదీయవచ్చునని 1994లోనే పీటర్ షోర్ అనే గణితజ్ఞుడు చూపినాడు. అందుచేత ఆ యంత్రానికి కూడ లొంగని కొత్త తాళాల ప్రమాణాలను 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ ప్రకటించినది. కప్పలు మార్చే బాధ్యతను పండితులు చూసుకొంటున్నారు. దానికోసం మనం నిద్ర చెడగొట్టుకోనక్కరలేదు.

రెండవ ప్రశ్నకు వద్దాము. బ్యాంకు తాళపుకప్ప అని నా చేతికి వచ్చినది నిజంగా బ్యాంకుదేనా, బ్యాంకు వేషం వేసిన దొంగదా? పెండ్లి సంబంధం వచ్చినప్పుడు ఊరి పెద్దమనిషి “ఈ ఇంటివారు నాకు తెలుసును” అని మాట యిచ్చినట్లు, ఇక్కడ కూడ పూచీపడే పెద్ద వొకరు కావలెను. మన 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం అటువంటి పూచీదారులకు లైసెన్సు యిచ్చే యేర్పాటు చేసినది.

ఇక్కడ మనకు దగ్గర సంగతి వొకటి వున్నది. మన తాతలనాడు ముఖేడ్ హైదరాబాదు సంస్థానంలోని ఊరు. కచేరీ వ్యవహారానికైనా, పెద్ద చదువుకైనా చూపు హైదరాబాదు వైపే. 1956లో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. 1960లో మహారాష్ట్ర యేర్పడింది. రాజధాని మారింది. కాని బ్యాంకుల తాళాల విషయంలో హైదరాబాదు మళ్లీ మనకు ముఖ్యస్థానమైనది. రిజర్వు బ్యాంకు 1996లో అక్కడ బ్యాంకింగు సాంకేతిక విద్యకు ఐడీఆర్‌బీటీ అనే పరిశోధన సంస్థను స్థాపించినది. 1999లో ఆ సంస్థ ఇన్‌ఫినెట్ అనే నెట్‌వర్కును ప్రారంభించినది. అది ఉపగ్రహం ద్వారా బ్యాంకులను కలిపే మార్గం, బయటివారికి ప్రవేశం లేని మార్గం. ఆ సంస్థే బ్యాంకులకు పూచీదారు కూడ అయినది. 2004లో పెద్ద మొత్తాలు వెంటనే చేరే ఆర్‌టీజీఎస్ వచ్చింది. అదే సంవత్సరం ఒక బ్యాంకు కార్డును మరొక బ్యాంకు ఏటీఎంలో వాడుకొనే స్విచ్చిని కూడ ఆ సంస్థ నడపనారంభించినది. 2009లో ఆ స్విచ్చి జాతీయ చెల్లింపుల సంస్థ చేతికి వెళ్లింది. ఆ సంస్థే 2016లో యూపీఐ తెచ్చింది. కూరగాయల బండి మీద మీరు చూసే క్యూఆర్ గడుల వెనుక యింత పరిశ్రమ వున్నది. నాందేడ్‌లో నొక్కితే నిజామాబాదులో డబ్బు పడటం మంత్రం కాదు, మహానుభావుల శ్రమ.

అయితే ఒక హెచ్చరిక. ఇంటర్నెట్ పేజీ పైభాగాన చిన్న తాళపుకప్ప బొమ్మ వుంటే అంతా క్షేమమని చాలామంది నమ్మినారు. ఆ బొమ్మ చెప్పేది దారి భద్రమని మాత్రమే. దారి చివర కూర్చున్నవాడు మంచివాడని చెప్పదు. దొంగలు కూడ తమ పేజీలకు తాళం వేయించుకొన్నారు! జనం దాన్ని అపార్థం చేసుకొంటున్నారనే 2023లో గూగులువారు తమ క్రోమ్ నుంచి ఆ బొమ్మను తీసివేసినారు. మన దేశంలో బ్యాంకుల చిరునామాలన్నీ “డాట్ బ్యాంక్ డాట్ ఇన్” అనే ముగింపుతో వుండవలెనని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించినది. ఆ పేర్లు యిచ్చే అధికారం హైదరాబాదులోని ఆ సంస్థకే అప్పగించినది. ఇకమీద బ్యాంకు పేజీ తెరిచినప్పుడు చిరునామా చివర ఆ మాటలు వున్నవా లేవా అని చూచుకోండి.

ఇక మూడవ ప్రశ్న. ఇవతల వున్నది నేనేనా? అసలు నేను యీ సభలో మాట్లాడటానికి కారణం యిదే. ఒక్కసారికే పనికివచ్చే రహస్యపదం అనే ఆలోచనను 1981లో లెస్లీ లాంపోర్ట్ అనే శాస్త్రజ్ఞుడు ప్రచురించినాడు. దొంగ వినినా రెండవసారి వాడుకోలేడు. మనకు ఫోనులో వచ్చే ఓటీపీ ఆ కుటుంబానికి చెందినదే. కార్డుతో ఇంటర్నెట్‌లో కొనేటప్పుడు రెండవ రుజువు తప్పనిసరి అని మన రిజర్వు బ్యాంకు 2009లోనే నిబంధన పెట్టినది. మొదటి రెండు ప్రశ్నలకు గణితజ్ఞులు, బ్యాంకులు కాపలా వున్నారు. ఈ మూడవదానికి కాపలా మన ఇంట్లోనే వుండవలెను. 617 అంకెల సంఖ్యను విడదీయలేని దొంగ, ఫోను చేసి ఆరు అంకెలు అడుగుతాడు. మనం చెబితే సరి, లోకంలోని గణితమంతా వ్యర్థం.

వలస వచ్చిన మనకు యిందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది వున్నది. ఆ ఓటీపీ సందేశం కింద “ఇది యెవరికీ చెప్పవద్దు” అని రాసి వుంటుంది. కాని మనకు వచ్చే సందేశాలు యెక్కువగా ఇంగ్లీషులోనో హిందీలోనో వుంటాయి. మన అమ్మమ్మ తెలుగు అక్షరాలు మాత్రమే నేర్చినది. లేదా ఇక్కడే పుట్టి మరాఠీ బడిలో చదివినది. లేదా యే బడికీ పోలేదు. ఆమెకు ఆరు అంకెలు తెలుస్తాయి, పైన రాసిన హెచ్చరిక తెలియదు. అందుచేత ఫోను దుకాణం కుర్రవాడి చేతికో, పొరుగింటి పిల్లవాడి చేతికో యిచ్చి “చూడు నాయనా” అంటుంది. ఆ కుర్రవాడు మంచివాడే కావచ్చు. కాని కష్టార్జితానికి కాపలా మంచితనం మీద ఆధారపడకూడదు. ఆ పిన్ను నలుగురి నోట పడిన తరువాత అది తాళపుచెవి కాదు, చావడిలో వేలాడే గంట.

దొంగలు మన భయాన్ని కూడ యెరుగుదురు. పోలీసు దుస్తులు వేసుకొని వీడియోలో కనబడి “మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాము, యెవరితోను మాట్లాడవద్దు” అని బెదిరించే మోసం యీ మధ్య పెరిగినది. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి స్వయంగా రేడియోలో దేశానికి చెప్పవలసి వచ్చినది. పరాయి ఊళ్లో వున్నామనే జంకు వున్నవారు పోలీసు పేరు వినగానే తల్లడిల్లుతారు. ఆ జంకే దొంగకు పెట్టుబడి.

కాబట్టి మన సంఘానికి నాలుగు మనవులు. ఒకటి, ఇంటింటా చదువుకొన్న పిల్లలు నెలకొకసారి పెద్దల పక్కన కూర్చొని, వచ్చిన సందేశాలను తెలుగులో చదివి వినిపించవలెను. కసురుకోకుండా, హేళన చేయకుండా చెప్పవలెను. హేళన పడిన పెద్దవారు మోసపోయినప్పుడు నోరు విప్పరు. రెండు, డబ్బు రావటానికి పిన్ను నొక్కనక్కరలేదు, డబ్బు పోవటానికే నొక్కవలెను. ఈ ఒక్క మాట పిల్లలకు ఎక్కాలతోపాటు కంఠస్థం చేయించండి. మూడు, పిన్ను పెద్దలే స్వయంగా నొక్కటం నేర్పండి. అమ్మకు చేతకాదని మనమే నొక్కిపెట్టడం సేవ అనిపిస్తుంది గాని, ఆమె డబ్బు మీద ఆమె అధికారం అక్కడే జారిపోతుంది. నాలుగు, మోసం జరిగితే సిగ్గుపడి దాచుకోవద్దు. వెంటనే 1930 అనే నంబరుకు ఫోను చేయండి, బ్యాంకుకు చెప్పండి. తొలి గంటలలో చెబితే ఆ డబ్బు దొంగ ఖాతాలో వుండగానే ఆపటానికి వీలుంటుంది. ఆ నంబరును పెద్ద తెలుగు అంకెలతోనో, మామూలు అంకెలతోనో రాసి, దేవుడి పటం పక్కన క్యాలెండరు మీద అంటించండి.

మహాశయులారా! ముఖం యెరుగని ఇద్దరి మధ్య నమ్మకం కుదిర్చే ఉపాయాన్ని ముఖం యెరుగని పండితులు మనకోసం కనిపెట్టినారు. పరాయి ఊళ్లలో బ్రతికే మనకంటే దాని విలువ యెవరికి బాగా తెలుస్తుంది? వారు కప్ప చేసి యిచ్చినారు. తాళపుచెవి మన కొంగున వున్నది. ఆ ముడి విప్పకుండా వుండటం మన వంతు. ఈ సంవత్సరం పేరులోని పరాభవం దొంగలకు కలుగుగాక, మన ఇండ్లకు క్షేమం, ఆదాయం, ఆరోగ్యం కలుగుగాక.