పేరు అడిగి పెట్టిన అన్నము



తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లి దానవిధిని ఉపదేశించుచు, శ్రద్ధతో ఇమ్మని చెప్పి ఊరకుండలేదు. సిగ్గుతోను, భయముతోను, సంవిత్తుతోను ఇమ్మన్నది. ఇచ్చువానికి సిగ్గు ఏల? తాను ఇచ్చునది తనది కాదనియు, అది చాలదనియు తెలియుటచేత. సంవిత్తు అనగా మైత్రి మొదలగునవి అని శంకర భగవత్పాదుల వ్యాఖ్య. బస కోరి వచ్చినవానిని ఎవనినైనను కాదనరాదు, అది వ్రతము అని భృగువల్లి శాసించుచున్నది.

నేడు మన విజయవాడలో బస కోరి మన గడప తొక్కువారు అరుదు. వారు రైల్వే స్టేషను వెలుపల, కృష్ణా ఘట్టములపై, మూసిన దుకాణముల అరుగులమీద పండుకొనుచున్నారు. 2011 జనగణనలో దేశమున ఇల్లు లేనివారు 17 లక్షలకు పైబడిరి. వీరందరును యాచకులని తలపరాదు. మూటలు మోయువారు, చిత్తుకాగితములు ఏరువారు, పెండ్లిండ్లలో అంట్లు తోమువారు, కన్నబిడ్డలు విడిచిన వృద్ధులు, మతి చలించినవారు వీరిలో కలరు.

అమ్మవారి దర్శనమునకు వచ్చినవారు వీరికి పులిహోర పొట్లములు పంచుచున్నారు. సంతోషము. కాని నిద్రించువాని తలవద్ద పొట్లము విసరి పోవుట, కంబళి కప్పుచు ఛాయాచిత్రము తీయించుకొనుట దానమగునా? దానవిధిలో ప్రతిగ్రహీతను ముందుగా కూర్చుండబెట్టి పూజింతుము. అతని గోత్రనామములు ఉచ్చరించి, అటుపిమ్మట ధార వదలుదుము. కావున పేరు అడుగుట కొత్త మర్యాద కాదు, పాత విధియే.

మడి మాట ఏమని కొందరు అడుగుదురు. భాగవతమున రంతిదేవుని కథను స్మరింతము. 48 దినములు నీరైనను లేక ఉపవసించిన ఆ మహారాజు, దొరికిన అన్నమును వచ్చినవారికి వచ్చినట్లు పెట్టెను. కుక్కలతో వచ్చినవానికి మిగిలినది ఇచ్చి, ఆ కుక్కలకును, వానికిని నమస్కరించెను. కడపటి నీటిని దాహముగొన్న పుల్కసునికి పోసెను. ఆయనకు అడ్డురాని మడి మనకు అడ్డు వచ్చునా?

మేము కోరునది స్వల్పము. నిలుచుండి క్రిందికి చూచి మాటలాడక, ప్రక్కన కూర్చుండి "అయ్యా", "అమ్మా" అని పలుకరింపుడు. ఏమి కావలెనో అడిగి ఇండు. కొందరికి అన్నముకంటె చెప్పులు, మందు, స్నానమునకు చోటు ముఖ్యము. పాచిన పదార్థము పెట్టకుడు. వారి గతమును త్రవ్వకుడు, చెప్పిననాడు వినుడు. వలదన్నచో నమస్కరించి మరలుడు. జబ్బుపడినవారిని చూచినచో 108కి తెలుపుడు. నగరములలో లక్ష జనాభాకు ఒక ఆశ్రయము ఉండవలెనని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించినది. మీ పేటకు దగ్గరనున్న రాత్రి బస ఎచ్చట కలదో మునిసిపల్ కార్యాలయమున తెలిసికొని ఉంచుకొనుడు. సామాను పోవునని, ఆలుబిడ్డలతో విడిపోవలసి వచ్చునని కొందరు అచ్చటికి పోరు. వారిని బలవంతపెట్టరాదు.

తర్పణాంతమున తల్లిదండ్రులు, బంధువులు ఎవరును లేని మృతులకు కూడ ఉదకము వదలుచున్నాము. పేరు తెలియని ఆ ప్రేతమునకు నీరు విడుచు మనము, అదే మనుష్యుడు మన వీధిలో ప్రాణముతో ఉన్నప్పుడు పేరు అడుగకుండుట ఏమి ధర్మము?

దసరాలలో ఇంద్రకీలాద్రిపై అమ్మవారిని అన్నపూర్ణగా అలంకరింతురు. ఆమె ఎదుట చేయి చాచినవాడు శ్మశానవాసియైన పరమేశ్వరుడు. ఆయనకును ఇల్లు లేదు. ఆయనను తల్లి తన నాథుడని ఎరిగియే భిక్ష పెట్టినది. ఆ ఎరుక మనకును కలుగుగాక!

స్వస్తి.