వెంటపడితే దొరకడు, అడ్డం వెళితే దొరుకుతాడు



మీలో చాలామంది కబడ్డీ ఆడి ఉంటారు. కూతకు వచ్చినవాడు తిరిగి గీత వైపు మళ్ళగానే మీరేం చేస్తారు? అతని వెనకాల పరుగెత్తరు. అతను వెళ్ళబోయే దారికి అడ్డం వెళతారు. ఎవరూ చెప్పకుండానే మీ కాళ్ళు వేసే ఈ లెక్కను అమెరికన్ ఫుట్‌బాల్‌లో ప్రత్యేకంగా సాధన చేయిస్తారు. ఈనాటి ప్రసంగంలో ఆ లెక్క ఏమిటో చూద్దాం.

ముందుగా ఆట గురించి నాలుగు మాటలు. జట్టుకు 11 మంది. మైదానం వెడల్పు సుమారు 49 మీటర్లు. బంతి ఉన్న జట్టు 10 గజాలు ముందుకు సాగడానికి 4 అవకాశాలు ఉంటాయి. ప్రతి అవకాశం మొదలయ్యే చోట మైదానానికి అడ్డంగా ఒక గీత ఉన్నట్టు ఊహించుకోండి. దానిని స్క్రిమేజ్ గీత అంటారు. ఆ గీత వెనుక బంతిని అందుకొని, ఎవరికి ఇవ్వాలో, ఎవరికి విసరాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. అతని ముందు ఐదుగురు బలమైన ఆటగాళ్ళు గోడలా నిలుస్తారు. ఆ గోడ చాటున ఏర్పడే జాగాను పాకెట్ అంటారు. గోడ చెదిరినప్పుడో, విసరడానికి ఎవరూ ఖాళీగా దొరకనప్పుడో క్వార్టర్‌బ్యాక్ అక్కడినుంచి తప్పించుకొని పరుగు తీస్తాడు. దీనినే స్క్రాంబుల్ అంటారు.

1961 నుంచి 1978 వరకు ఆడిన ఫ్రాన్ టార్కెంటన్ ఈ విద్యకు పేరుపొందాడు. 2006లో మైకేల్ విక్ 1,039 గజాలు పరుగెత్తి, ఒకే సీజన్‌లో వెయ్యి గజాలు దాటిన తొలి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. 2019లో లామార్ జాక్సన్ 1,206 గజాలతో దానిని మించిపోయాడు. ఇలాంటివారిని ఆపడం ఎందుకు కష్టం?

కారణం నియమంలోనే ఉంది. క్వార్టర్‌బ్యాక్ స్క్రిమేజ్ గీత దాటనంతవరకు బంతిని ముందుకు విసరవచ్చు. దాటిన తరువాత విసరకూడదు, పరుగెత్తవచ్చు. కాబట్టి రక్షకుడు తన వంతు ఆటగాణ్ణి వదిలి ముందుకు వస్తే బంతి అతని తలమీదుగా పోతుంది. రాకుండా నిలబడితే పరుగు సాగుతుంది. ఈ సందిగ్ధంలోనే స్క్రాంబుల్ బలమంతా ఉంది.

ఇప్పుడు జ్యామితికి వద్దాం. క్వార్టర్‌బ్యాక్ పక్కగీత వెంబడి తిన్నగా సెకనుకు 8 మీటర్ల వేగంతో పరుగెత్తుతున్నాడనుకోండి. రక్షకుడు అతనికంటే 9 మీటర్లు ముందున, పక్కకు 12 మీటర్ల దూరంలో ఉన్నాడు. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం ఇద్దరి మధ్య దూరం 15 మీటర్లు. ఇద్దరి వేగమూ సమానం. రక్షకుడు క్వార్టర్‌బ్యాక్ ఇప్పుడున్న చోటికి పరుగెత్తితే, అక్కడికి చేరేసరికి అతను 15 మీటర్లు ముందుకు వెళ్ళిపోయి ఉంటాడు. ఇక వెంటపడి లాభం లేదు.

అలా కాక, క్వార్టర్‌బ్యాక్ బయలుదేరిన చోటునుంచి 12.5 మీటర్ల ముందున్న బిందువుకు గురిపెట్టాడనుకోండి. రక్షకుడికి కూడా ఆ బిందువు సరిగ్గా 12.5 మీటర్ల దూరంలోనే ఉంటుంది. సుమారు ఒకటిన్నర సెకన్లలో ఇద్దరూ అక్కడ కలుసుకుంటారు. రక్షకుడి వేగం సెకనుకు 7 మీటర్లే అయినా ఫరవాలేదు. సుమారు 15.7 మీటర్ల దగ్గర పట్టుకోగలడు. అంటే సరైన కోణం తెలిసినవాడు తనకంటే వేగవంతుణ్ణి కూడా పట్టగలడన్నమాట.

మైదానంలో ఇంత లెక్క ఎలా వేస్తాడని మీరు అడగవచ్చు. వేయనక్కరలేదు. తాను తిన్నగా పరుగెత్తుతున్నప్పుడు ఎదుటివాడు ఎప్పుడూ ఒకే దిశలో కనిపిస్తూ దగ్గరవుతూ ఉంటే, ఇద్దరూ ఢీకొంటారు. నావికులు దీనినే ప్రమాద సూచనగా వాడుకుంటారు. రక్షకుడికి మాత్రం ఇది శుభసూచన.

అయితే దగ్గరికి వచ్చాక వేగం తగ్గించాలి. మలుపు తిరగడానికి కావలసిన బలం వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం రెట్టింపయితే అదే మలుపుకు నాలుగు రెట్ల బలం కావాలి. అందుకే పూర్తి వేగంతో దూకినవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ చిన్న మలుపుతో తప్పించుకుంటాడు. చివరి రెండు మూడు మీటర్లలో చిన్న అడుగులు వేయమని శిక్షకులు చెప్పడంలోని మర్మం ఇదే.

ఇక జట్టు సంగతి. అంచుల్లో ఉన్నవారు క్వార్టర్‌బ్యాక్‌ను బయటికి పోనివ్వకుండా లోపలికే మళ్ళించాలి. ఒక్కడు తన దారి వదిలినా గోడకు కన్నం పడ్డట్టే. కొన్ని జట్లు ఒక ఆటగాణ్ణి కేవలం క్వార్టర్‌బ్యాక్‌ను కనిపెట్టి ఉండడానికే కేటాయిస్తాయి. అతన్ని స్పై అంటారు. కానీ ఒకరిని అలా కేటాయిస్తే మిగతా పనికి ఒకరు తగ్గుతారు. జాగ్రత్తగా మెల్లగా ముందుకు వస్తే క్వార్టర్‌బ్యాక్‌కు విసిరే వ్యవధి పెరుగుతుంది. ప్రతి మందుకూ ఒక అనుపానం, ఒక పత్యం ఉన్నట్టే ఇక్కడ ప్రతి ఉపాయానికీ ఒక మూల్యం ఉంది.

ఆ మూల్యం ఎంతో 2008 ఫిబ్రవరి 3న జరిగిన సూపర్ బౌల్ చూపించింది. న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ అప్పటికి వరుసగా 18 ఆటలు గెలిచారు. ఈ ఆటలోనూ 14-10తో ముందున్నారు. సుమారు 75 సెకన్లు మిగిలి ఉండగా వారి రక్షకులు న్యూయార్క్ జెయింట్స్ క్వార్టర్‌బ్యాక్ ఎలై మానింగ్ చొక్కాను పట్టుకున్నారు. అతను విదిలించుకొని వెనక్కి తప్పుకొని బంతి విసిరాడు. డేవిడ్ టైరీ దానిని తన శిరస్త్రాణానికి అదిమి పట్టుకున్నాడు. 32 గజాలు వచ్చాయి. కొద్దిసేపటికే జెయింట్స్ 17-14తో గెలిచారు. మానింగ్ వేగంగా పరుగెత్తేవాడేమీ కాదు. చొక్కా చేతికి చిక్కినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదన్నదే ఇక్కడి పాఠం.

రేపు మీ ఆటస్థలంలో ఒక ప్రయోగం చేయండి. ఒక మిత్రుణ్ణి సున్నంగీత వెంబడి పరుగెత్తమనండి. మీరు 9 మీటర్లు ముందు, 12 మీటర్లు పక్కన నిలబడండి. ఒకసారి అతను ఉన్న చోటికి, మరొకసారి అతను వెళ్ళబోయే చోటికి పరుగెత్తండి. భుజం తాకితే చాలు, పడగొట్టవద్దు. ఎక్కడ తాకారో కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి. మీ తరగతిలో అందరికంటే మెల్లగా పరుగెత్తే విద్యార్థికి రెండవ పద్ధతి నేర్పి చూడండి. అతని ముఖంలో కనిపించే ఆనందమే ఈ పాఠానికి జవాబు.